అక్వేరియంకి చిన్న పిల్లలతో, అత్తగారితో వెళ్తున్నాం. రోజంతా ఎలా ప్లాన్ చేసుకుంటే బాగుంటుంది?

కలువపూలు:
అందరికీ నమస్కారం. వచ్చే వారం మేమంతా కలిసి సిటీలో ఉన్న పెద్ద అక్వేరియంకి వెళ్దామనుకుంటున్నాం. పాపకి నాలుగేళ్లు, బాబుకి తొమ్మిది. అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు, కానీ అందరికన్నా ఆవిడకే ఉత్సాహం ఎక్కువ. మా ఆయనేమో "చేపలు చూడటానికి రోజంతా ఎందుకు, గంటలో అయిపోతుంది" అంటున్నారు. తెలిసినవాళ్లని అడిగితే వాళ్లూ అదే మాట, గంటన్నరలో బయటికొచ్చేశాం, పిల్లలు చేపల దగ్గరకన్నా బొమ్మల షాపు దగ్గరే ఎక్కువసేపు ఉన్నారు అని. నాకు అలా పరుగులు పెట్టించి తీసుకురావడం ఇష్టం లేదు. బాబు ఎప్పట్నుంచో షార్కుల గురించే మాట్లాడుతున్నాడు. పాపకి చీకటంటే భయం, లోపల చీకటిగా ఉంటుందని విన్నాను, అదొక టెన్షన్. ఏ టైముకి వెళ్తే మంచిది, ఏవి ముందు చూడాలి, చేత్తో ముట్టుకోనిచ్చే తొట్టెలు ఉంటాయట, అవి పిల్లలకి సేఫేనా, ఇవన్నీ వెళ్లొచ్చినవాళ్లు చెప్తే బాగుంటుంది.

నీలిసంద్రం:
నేను కొన్నేళ్లు ఒక అక్వేరియంలో వాలంటీరుగా పనిచేశాను, వచ్చినవాళ్లకి ట్యాంకుల దగ్గర నిలబడి వివరాలు చెప్పడం నా పని. గంటలో అయిపోయిందనేవాళ్లు ఎలా చూస్తారో రోజూ కళ్లారా చూసేదాన్ని. ట్యాంకు ముందుకి వస్తారు, పేరు చదువుతారు, "అదిగో చేప" అంటారు, ఫోటో తీసుకుంటారు, పక్క ట్యాంకుకి వెళ్లిపోతారు. అలా చూస్తే ఎంత పెద్ద అక్వేరియమైనా గంటే. అందుకే నా సలహా ఒక్కటే, అన్నీ చూడాలని పెట్టుకోకండి. ఐదో ఆరో ట్యాంకులు ఎంచుకోండి, ఒక్కో దాని దగ్గర కదలకుండా పది పదిహేను నిమిషాలు ఉండండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, పిల్లలు "పద పద" అంటారు. కాస్త ఓపిక పడితే రాయి అనుకున్నది కదులుతుంది, ఇసకలోంచి రెండు కళ్లు పైకొస్తాయి, రొయ్య ఒకటి పెద్ద చేప నోట్లోకే వెళ్లి శుభ్రం చేసి బయటికొస్తుంది. నడుస్తూ వెళ్లేవాళ్లకి ఇవేవీ కనిపించవు.

టైము విషయానికొస్తే, తలుపులు తీయగానే వెళ్లండి, లేదా మూసే ముందు రెండు మూడు గంటలు ఉండేలా వెళ్లండి. మామూలు రోజుల్లో పొద్దున పదిన్నర పదకొండు నుంచి మధ్యాహ్నం దాకా బడి పిల్లల బస్సులు వస్తాయి, ఆ టైములో గాజు దగ్గరికి చేరడమే కష్టం. పొద్దున్నే వెళ్తే ఇంకో చిట్కా ఉంది, అందరూ మొదటి గదిలోనే గుంపు కట్టి ఉంటారు కాబట్టి మీరు నేరుగా పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్లిపోండి. కాసేపు ఆ ట్యాంకు మొత్తం మీదే అన్నట్టు ఉంటుంది. మొదటి గదులకి తర్వాత నెమ్మదిగా వెనక్కి రావచ్చు. మేత వేసే టైములు ముందే కనుక్కోండి, డైవర్లు లోపలికి దిగి తినిపించడం పిల్లలకి బాగా నచ్చుతుంది. అయితే రోజంతా ఆ టైముల చుట్టూ పరుగెత్తకండి, ఒకటి చూస్తే చాలు.

ముట్టుకునే తొట్టెల గురించి: సేఫే, కానీ మన సేఫ్టీ కన్నా వాటి సేఫ్టీ గురించి నేను ఎక్కువ చెప్తాను. చెయ్యి పెట్టే ముందు మామూలు నీళ్లతో కడుక్కోవాలి, చేతికి శానిటైజరు, క్రీము, లోషను ఏమీ ఉండకూడదు, అవి ఆ నీళ్లలో కలిస్తే అందులో ఉన్నవాటికి హాని. రెండు వేళ్లతో మెల్లగా వీపు మీద తాకాలి, పట్టుకోకూడదు, నీళ్లలోంచి పైకి ఎత్తకూడదు. స్టార్ ఫిష్‌కి కింద వందల కొద్దీ చిన్న గొట్టాల్లాంటి కాళ్లుంటాయి, వాటితోనే రాతిని పట్టుకుంటుంది, లాగితే అవి తెగిపోతాయి. బయటికొచ్చాక మాత్రం సబ్బుతో బాగా కడిగించండి, మీ పాప వయసు పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు కదా.

మనవడితాత:
అమ్మా, మోకాళ్ల గురించి నేను చెప్తాను, నాదీ అదే బాధ. వెళ్లే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. లిఫ్టు ఉందా, వీల్‌చెయిర్ ఇస్తారా, ఒకసారి బయటికొస్తే మళ్లీ అదే టికెట్టుతో లోపలికి రానిస్తారా. మూడోది చాలామంది అడగరు, కానీ పెద్దవాళ్లకీ చిన్నపిల్లలకీ అదే ముఖ్యం. మధ్యలో బయటికొచ్చి తినేసి, కాసేపు కూర్చుని మళ్లీ వెళ్తే రెండో విడత మొదటిదాని కన్నా బాగుంటుంది.

మీ అత్తగారు వీల్‌చెయిర్ అంటే మొహమాటపడొచ్చు. నేనూ మొదట వద్దనేవాణ్ని. నిజానికి అక్వేరియంలో అది పెద్ద వరం, ఎందుకంటే కూర్చున్న మనిషి కళ్లు సరిగ్గా ట్యాంకు మధ్యకి వస్తాయి, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఇద్దరూ ఒకే ఎత్తు నుంచి చూడొచ్చు. వీల్‌చెయిర్ వద్దంటే పెద్ద ట్యాంకు ముందు మెట్లలాగానో బెంచీల్లాగానో కూర్చునే చోటు దాదాపు అన్ని అక్వేరియంలలోనూ ఉంటుంది. అక్కడే ఆవిడని స్థిరంగా కూర్చోబెట్టండి, మీరు పిల్లల్ని తీసుకుని తిరిగి తిరిగి అక్కడికే రండి. వచ్చినప్పుడల్లా "ఇందాక ఏం జరిగిందంటే" అని చెప్పడానికి ఆవిడ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది, ఆ మాటల కోసమే నా మనవడు పరుగెత్తుకొచ్చేవాడు.

పాప చీకటి భయానికి, లోపలికి వెళ్లే ముందే చెప్పి ఉంచండి. "చేపలకి వెలుగు మన వైపు నుంచి కాదు, వాటి నీళ్లలోనే ఉంటుంది, అందుకే మన వైపు లైట్లు తగ్గిస్తారు" అంటే నాలుగేళ్ల పిల్లకి అర్థమవుతుంది. మన వైపు వెలుతురు ఎక్కువైతే గాజులో మన మొహాలే కనిపిస్తాయి, లోపల ఉన్నవి కనిపించవు. మరీ చీకటిగా ఉండేది సాధారణంగా జెల్లీ ఫిష్‌ల గది, లోతు సముద్రం గది. వాటిని చివరికి ఉంచండి, అప్పటికి అలవాటు పడుతుంది. అయినా భయపడితే బలవంతం వద్దు, ఆ గది వదిలేయండి.

కలువపూలు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. బాబాయిగారూ, మళ్లీ లోపలికి రానిస్తారా అన్నది నాకు తట్టనేలేదు, ఇవాళే ఫోన్ చేసి అడుగుతాను. ఎక్కువసేపు నిలబడి చూడమన్నారు కదా, మరి ఏం చూడాలి? నాకు చేపల గురించి పెద్దగా తెలీదు. మా వాడు అడిగే ప్రశ్నలకి జవాబులుండవు. షార్కుని మిగతా చేపలతో ఒకే ట్యాంకులో ఎలా పెడతారు, తినేయదా అని నిన్నంతా అదే.

బడిపంతులమ్మ:
షార్కు ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా క్లాసులో పిల్లలు కూడా మొదట అడిగేది అదే. షార్కుకి కడుపు నిండా పెడతారు, అదే జవాబు. షార్కులు మనలాగా మూడు పూటలా తినవు, వాటి శరీరం వేడి కోసం తిండిని ఖర్చు చేసుకోనక్కర్లేదు కాబట్టి అక్వేరియంలలో చాలావాటికి వారానికి రెండు మూడు సార్లు పెడితే సరిపోతుంది. ఆకలి లేనప్పుడు ఈదే చేప వెంటపడటం దానికి దండగ పని. అప్పుడప్పుడూ ఒక చేప మాయమవడం జరగదని కాదు, జరుగుతుంది. ఈ మాట కూడా బాబుకి దాచకుండా చెప్పండి, తొమ్మిదేళ్లవాడు తట్టుకుంటాడు.

షార్కు ట్యాంకు దగ్గర వాడికి ఒక పని ఇవ్వండి. ఏ షార్కు ఆగకుండా ఈదుతోంది, ఏది అడుగున పడుకుని ఉంది చూడమనండి. కొన్ని జాతులు ముందుకి ఈదుతూ ఉంటేనే నీళ్లు మొప్పల మీదుగా పోయి ఊపిరి ఆడుతుంది. నర్స్ షార్క్ లాంటివి అడుగున కదలకుండా పడుకుని నోటితోనే నీళ్లు లోపలికి లాక్కోగలవు. అది చూపించాక అక్కడే రే చేపని చూపించండి, గాజుకి అతుక్కుని పైకి పోతుంటే తెల్లటి మొహం నవ్వుతున్నట్టు కనిపిస్తుంది. ఆ కళ్లలాంటివి కళ్లు కావు, ముక్కు రంధ్రాలు. అసలు కళ్లు పైన, వీపు వైపు ఉంటాయి. రే చేప షార్కుకి దగ్గర చుట్టం, రెండింటి ఒంట్లోనూ ఎముకలుండవు, మన చెవి డొప్పలో ఉండే మృదులాస్థితోనే వాటి అస్థిపంజరం అంతా తయారై ఉంటుంది. చెవి పట్టుకుని వంచి చూసుకోమనండి, ఇక ఎప్పటికీ మర్చిపోడు.

మోరే ఈల్ అని పాములా ఉండేది ఒకటి రాతి సందులోంచి తల బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పాప చూస్తే కరవడానికి వస్తోందని భయపడుతుంది. అది ఊపిరి తీసుకుంటోంది, అంతే. నోటితో నీళ్లు లోపలికి లాగి మొప్పల్లోంచి పంపిస్తోంది. ఈ ఒక్క మాట ముందే చెప్తే భయం పోయి "పాపం దానికి ఆయాసమా" అని అడుగుతారు పిల్లలు.

సీహార్సులుంటే తప్పకుండా ఆగండి. అవి సరిగ్గా ఈదలేవు, తోకతో గడ్డిని పట్టుకుని వేలాడతాయి, రెండు కళ్లూ వేరువేరుగా తిప్పగలవు. అందులో గర్భం మోసేది మగది. ఆడది మగదాని పొట్ట సంచిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికి వచ్చేది నాన్న పొట్టలోంచి. పెద్ద పొట్టతో ఉన్నది కనిపిస్తే అది నాన్నే. క్లౌన్ ఫిష్‌లదీ వింత కుటుంబమే, ఒక గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతిది మగది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారిపోతుంది. ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రప్రాణికి ఉండే కుట్టే టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు) మధ్యలో క్లౌన్ ఫిష్ హాయిగా ఎలా ఉంటుందని అడిగితే, ఒంటి మీది జిగురు పొర దాన్ని కాపాడుతుందని చెప్పండి.

ఆక్టోపస్ ట్యాంకు ఖాళీగా ఉందని నూటికి తొంభైమంది వెళ్లిపోతారు. ఖాళీగా ఉండదు. మూలల్లో, రాతి కింద, పైన మూత దగ్గర వెతకండి. రాయి రంగే ఒంటికి తెచ్చుకుని ఉంటుంది, ఊపిరికి ఒళ్లు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, కదలికని పట్టే కళ్లకి దొరుకుతుంది. మూడు గుండెలు, నీలం రక్తం. న్యూజిలాండ్‌లోని జాతీయ అక్వేరియం నుంచి ఇంకీ అనే ఆక్టోపస్ ఒక రాత్రి ట్యాంకు పైనుంచి జారుకుని, నేల మీద పాకుతూ డ్రైనేజీ గొట్టంలో దూరి సముద్రంలోకి వెళ్లిపోయింది, 2016లో ప్రపంచమంతా ఆ వార్త చదివింది. ఈ కథ ఆ ట్యాంకు ముందు నిలబడి చెప్పండి, ఇంట్లో ముందే చెప్పేయకండి.

కెమెరాకన్ను:
ఫోటోల గురించి ఎవరూ అనలేదు కాబట్టి క్లుప్తంగా. ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి, ఆటోలో కూడా పెట్టకండి. చాలా చేపలకి కనురెప్పలుండవు, మూసుకోవడానికి వీలుండదు, పైగా ఆ వెలుగు గాజుకి తగిలి ఫోటో తెల్లగా వస్తుంది. ఫోన్ లెన్సుని గాజుకి ఆనించి తీస్తే వెనక లైట్ల ప్రతిబింబం పడదు. ముదురు రంగు బట్టలు వేసుకెళ్తే ఇంకా మంచిది. వేగంగా ఈదేవాటి వెంట ఫోన్ తిప్పకుండా అవి తిరిగి వచ్చే చోట ఆగండి, చేపలు అదే దారిలో మళ్లీ మళ్లీ వస్తాయి.

మీ బాబుకి ఇంకోటి చూపించండి. తిన్నగా ఉన్న గోడలోంచి చూస్తే చేప అసలు కన్నా దాదాపు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది, కాంతి నీళ్లలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగడం వల్ల. సొరంగంలా వంపు తిరిగిన దారిలో నడుస్తూ చూస్తే అదే చేప చిన్నగా అనిపిస్తుంది. ఒకే షార్కుని రెండు చోట్ల నుంచీ చూసి పోల్చమనండి. పెద్ద ట్యాంకులకి వాడేది గాజు కాదు, ఆక్రిలిక్ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్. జపాన్‌లో ఒకినావా చురౌమి అక్వేరియంలో 2002 నుంచి ఉన్న పెద్ద కిటికీ 8.2 మీటర్ల ఎత్తు, 22.5 మీటర్ల వెడల్పు, మందం 60 సెంటీమీటర్లు. ఆ ట్యాంకు వేల్ షార్కులకి పేరు. మనం వెళ్లే చోట ఆక్రిలిక్ మందం ఎంతో అక్కడి వాళ్లని అడగండి, సంతోషంగా చెప్తారు.

గాజు మీద కొట్టొద్దని పిల్లలకి ముందే చెప్పండి. నీళ్లలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లు పైగా వేగంగా పోతుంది, మనకి చిన్న టకటకే, లోపల ఉన్నవాటికి తప్పించుకునే చోటు లేదు.

ఒడ్డుమనిషి:
అందరూ ఇంత ఉత్సాహంగా రాస్తుంటే అడ్డం వస్తున్నాననుకోకండి, కానీ నాకు అక్వేరియం అంటే మనసు ఒప్పదు. సముద్రంలో తిరిగే ప్రాణిని నాలుగు గోడల మధ్య పెట్టి చూడటం పిల్లలకి ఏం నేర్పుతుంది? మేం మా పిల్లల్ని తీసుకెళ్లలేదు. మీరు వెళ్లొద్దని అనను, ఈ సంగతి కూడా పిల్లలతో మాట్లాడమంటున్నాను.

నీలిసంద్రం:
మీరు అడ్డం రావడం ఏమీ లేదు, ఇది అడగాల్సిన ప్రశ్నే. లోపల పనిచేసినప్పుడు నన్ను కూడా ఇదే వేధించేది, అందుకే నాకు తెలిసింది చెప్తాను. అన్ని ప్రాణులకీ ఒకే జవాబు లేదు. రాతి సందులో జీవితమంతా గడిపే చిన్న చేపకి మంచి ట్యాంకు ఇల్లులాగే ఉండొచ్చు. రోజుకి వంద కిలోమీటర్ల పైన ఈదగల ఓర్కాకి (కిల్లర్ వేల్ అంటారే, దానికి) ఎంత పెద్ద కొలనైనా చాలదు, అలాంటి వాటితో ఆటలాడించే చోటికి నేను వెళ్లను, ఎవర్నీ వెళ్లమనను. 1853లో లండన్ జూలో మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచిన రోజుల్లో నీళ్లు ఎలా శుభ్రంగా ఉంచాలో కూడా సరిగ్గా తెలీదు. ఇవాళ మంచి అక్వేరియంలలో సీహార్సులనీ పగడాలనీ అక్కడే పెంచుతారు, గాయపడిన తాబేళ్లకి వైద్యం చేసి సముద్రంలో వదులుతారు.

మంచిదో కాదో మీరే చూసి చెప్పొచ్చు. ఒకే ప్రాణి అదే గుండ్రటి దారిలో గంటల తరబడి తిరుగుతోందా, గోడకి ముక్కు రాసుకుని పుండు పడిందా, దాక్కోవడానికి చోటుందా, ఈ ప్రాణి ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే సూటిగా చెప్తున్నారా. కలువపూలుగారూ, మీ తొమ్మిదేళ్ల బాబుని "ఈ ట్యాంకు దీనికి సరిపోతుందా, నువ్వైతే ఏం మారుస్తావు" అని అడగండి. కొన్నిటికి సరిపోదని వాడే చెప్తాడు. ఒడ్డుమనిషిగారు కోరుకునే మాటలు అక్కడే మొదలవుతాయి, ఇంట్లో కూర్చుంటే రావు అన్నది నా అభిప్రాయం.

జెల్లీ ఫిష్‌ల సంగతి మర్చిపోయాను. వాటి ట్యాంకులు గుండ్రంగా ఎందుకుంటాయో పిల్లల్ని అడగండి. మెదడు లేదు, గుండె లేదు, ఒంట్లో 95 శాతం దాకా నీళ్లే, మూలలుంటే అక్కడ చిక్కుకుని చిరిగిపోతాయి, అందుకే నీళ్లు మెల్లగా గుండ్రంగా తిరిగేలా కడతారు. మీ అత్తగారికి అక్కడ కుర్చీ దొరికితే ఇక లేవరు.

కలువపూలు:
అన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. "సరే, సెలవు పెడతాను, రోజంతా ఉందాం" అన్నారు. ఒడ్డుమనిషిగారూ, మీ మాట కూడా బాబుతో తప్పకుండా మాట్లాడతాను. ఒక్క చివరి ప్రశ్న. తిరిగొచ్చాక "మనింట్లో కూడా చేపల్ని పెంచుదాం" అంటాడు, నాకు ఇప్పుడే తెలుసు. గుండ్రటి గాజు గిన్నెలో ఒక గోల్డ్ ఫిష్ చాలా?

బడిపంతులమ్మ:
చాలదండీ, దయచేసి గిన్నె కొనకండి. గోల్డ్ ఫిష్ చిన్నగా అమ్ముతారు కానీ పెరిగితే 20 సెంటీమీటర్లు దాటుతుంది, బాగా చూసుకుంటే పదేళ్లకి పైగా బతుకుతుంది. గిన్నెలో చచ్చిపోయేది ఎక్కువగా ఆకలితో కాదు, దాని మలినం నుంచి వచ్చే అమ్మోనియాతో. సరైన ట్యాంకులో ఫిల్టరు పెడితే ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైటుగా, ఇంకో రకం దాన్ని తక్కువ హాని చేసే నైట్రేటుగా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి వారాలు పడుతుంది. అందుకని ముందు ట్యాంకు పెట్టి, నీళ్లు పోసి, చేప లేకుండానే ఫిల్టరు నడిపించండి, అమ్మోనియాకి మూలం కావాలి కాబట్టి రోజూ చిటికెడు చేప మేత వేసి, పరీక్ష కిట్టుతో కొలిచి నోట్‌బుక్కులో రాయడం బాబు పని. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి వచ్చేదాకా రాస్తూనే ఉండాలి. వాడు అన్ని వారాలు ఓపికగా రాస్తే చేప కొనండి, మధ్యలో వదిలేస్తే ఇంకా టైము కాలేదని అర్థం. అక్వేరియంలో చూసిన నీలం రంగు సముద్రపు చేపలు కావాలంటే మాత్రం వద్దనండి, అమ్మకానికి వచ్చే బ్లూ టాంగ్‌లు ఎక్కువగా సముద్రంలో పట్టినవే. మంచినీటి చేపల్లో పెంపకంలో పుట్టినవి బోలెడన్ని దొరుకుతాయి. ఎప్పుడైనా పెంచలేక పోతే చెరువులో వదలకండి, తీసుకున్న షాపుకో, పెంచేవాళ్లకో ఇచ్చేయండి.